కొలిచిన నీళ్ళు

ఉదయం ఆరూ నలభైకి సిస్టర్ మా వంటింట్లో నీళ్ళు కొలిచేది. ఆస్పత్రిలో వాడే గీతల జగ్గు ఒకటి తనే తెచ్చిపెట్టింది. దాన్ని గట్టు మీద ఉంచి, నడుము వంచి, కళ్ళు గీతకు సమంగా తెచ్చుకుని, ఏడు వందల మిల్లీలీటర్ల దగ్గర ఆపేది. ఎక్కువైతే చెంచాతో తీసేది. ఆ నీళ్ళను స్టీలు బాటిల్లో పోసి, మూత బిగించి, నా చేతికి ఇచ్చేది. మర్నాడు ఆరూ నలభై దాకా నా భార్య తాగదగ్గ నీళ్ళన్నీ అవే. టీ పెట్టినా, చారు కాచినా, మాత్ర మింగినా అందులోంచే.

దీవి మీది మా ప్రోతరాపూర్‌లో నీళ్ళు పొదుపుగా వాడటం ఎవరికీ కొత్త కాదు. వేసవిలో కుళాయి మూడు రోజులకోసారి వస్తుంది. వచ్చినప్పుడు వీధంతా డ్రమ్ములు నింపుకుంటుంది. మా పెరట్లో నాలుగు నీలం డ్రమ్ములున్నాయి. అవి నిండుగా ఉన్న రోజుల్లో కూడా లోపల గదిలో ఆమె నాలుక తడారిపోయి పడుకుని ఉండేది. దానికి అలవాటు పడటానికి నాకు చాలా కాలం పట్టింది. పూర్తిగా పడ్డానని ఇప్పటికీ చెప్పలేను.

ఆమెకు షుగరు ఇరవై ఏళ్ళుగా ఉండేది. అది ముందు కళ్ళ మీదికి, తరవాత కిడ్నీల మీదికి, చివరికి గుండె మీదికి వెళ్ళింది. ఎడమ మడమ దగ్గర మానని పుండు ఒకటి. మంగళవారం, శుక్రవారం ఆటోలో టౌన్‌కు తీసుకెళ్ళేవాణ్ణి. ఆస్పత్రిలో నాలుగు గంటలు డయాలిసిస్ మిషన్ పక్కన పడుకునేది. కిడ్నీలు బయటికి పంపలేని నీళ్ళను ఆ మిషనే లాగాలి. మధ్య రోజుల్లో ఎక్కువ తాగితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ఆయాసం వస్తుంది. పుండు మానడానికి తినమన్నవి కిడ్నీలకు పనికిరావు. కిడ్నీలకు ఫరవాలేదన్నవి షుగరుకు పనికిరావు. ముగ్గురు డాక్టర్లు మూడు కాగితాలు రాసిచ్చారు. ఆ మూడూ కలిసేలా ఒక పూట వంట చేయడం నాకు చేతకాలేదు. స్కూలు లైబ్రరీలో పనిచేసి రిటైరైనవాణ్ణి. దొరికిందల్లా చదివాను. చదివినదాన్ని పదకొండు వరసలుగా తెల్లకాగితం మీద రాసి వంటింటి గోడకు అంటించాను. మాకు పిల్లలు లేరు. ఆ కాగితాన్ని చూసేవాణ్ణి నేనొక్కణ్ణే.

సిస్టర్ ఆ డయాలిసిస్ వార్డులోనే నర్సుగా పనిచేసేది. మా వీధి చివర అద్దెకుండేది. ఇంకో దీవిలో, రంగత్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. మధ్యమధ్య హిందీ కలిపినా తెలుగు బాగానే మాట్లాడేది కానీ చదవడం రాదు. డ్యూటీకి వెళ్ళే ముందు మడమకు కట్టు మార్చి వెళతానని తనే అడిగి రావడం మొదలుపెట్టింది. మొదటి రోజు గోడ మీద కాగితం చూసి నవ్వింది.

"అంకుల్, ఇది నాకు బొమ్మలాగా ఉంది. చదివి వినిపించండి."

చదివాను. పదకొండూ విని, "ఆంటీకి వినిపించారా?" అంది.

లేదన్నాను.

"బీమారీ ఆవిడది, కాగితమేమో మీదా?"

అది నాకు నచ్చలేదు. చదువుకోని మాటలా అనిపించింది. అది నా తప్పని తెలుసుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

కట్టు విప్పేటప్పుడు సిస్టర్ ప్రతి పనినీ ముందుగా చెప్పేది. "ఇప్పుడు తడుపుతున్నాను ఆంటీ. ఇప్పుడు గాజుగుడ్డ లాగుతున్నాను. థోడా మంట పుడుతుంది." చూపు ఆనని మనిషిని ముట్టుకునే ముందు మాట వినిపించాలట. నా భార్య శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ చేపల వాళ్ళ పిల్ల. ఎవరి దగ్గరా నోరు కట్టుకునే రకం కాదు.

"ఒలే, నా కాలేటి రేడియో స్టేషనా, ఒకటే వార్తలు సెప్తున్నావు?"

"వినేది మీరొక్కరే కదా ఆంటీ. స్టేషన్ బంద్ చేయమంటారా?"

"వద్దులే. ఈయన స్టేషన్ ఎలాగూ పలకదు."

ఆ ఇద్దరూ నవ్వుకుంటుంటే నేను బాటిల్ పట్టుకుని గుమ్మంలో నిలబడేవాణ్ణి. బాటిల్ నా దగ్గరే ఉండేది. ఆమె అడిగేది, నేను చూసి పోసేవాణ్ణి. కొన్నిసార్లు పోసేవాణ్ణి కాదు. "సాయంత్రానికి ఉండాలి కదా" అనేవాణ్ణి. నలభై ఏళ్ళు ఒక కంచం పక్కన ఒక కంచం పెట్టుకుని తిన్నవాళ్ళం. ఇప్పుడు ఆమె దాహానికి నేను కాపలావాణ్ణి. ఆమె ముందు నేను నీళ్ళు తాగడం మానేశాను. వంటింటి వెనక తలుపు దగ్గరికి వెళ్ళి, అటు తిరిగి తాగి వచ్చేవాణ్ణి.

ఆదివారాలు ఆమె అన్న వచ్చేవాడు. మిన్నీ బేలో ఉంటాడు. అరవై దాటినా చేపల వేట మానలేదు. వచ్చేటప్పుడు రెండు కొబ్బరి బొండాలు తెచ్చేవాడు. ఈ దీవుల్లో జబ్బు మనిషిని చూడటానికి వట్టి చేతులతో ఎవరూ రారు. జ్వరమైనా, పురుడైనా, ఆపరేషనైనా తెచ్చేది బొండమే. మొదటి ఆదివారమే సిస్టర్ అది చూసి అడ్డుపడింది.

"మామా, నీళ్ళు రెండు గుక్కలు ఎక్కువైనా నేను చూసుకుంటాను. ఇది మాత్రం చుక్క కూడా వద్దు. ఇందులో పొటాషియం చాలా ఉంటుంది. మన కిడ్నీలైతే బయటికి తోసేస్తాయి. ఆంటీవి తోయలేవు. అది ఒంట్లో పోగైతే గుండె ఆగిపోతుంది."

"ఏటమ్మా, బొండం నీళ్ళు విషమంటావా? మా ఇంట్లో పసిపిల్లలకి పట్టినాం."

"మీకు అమృతమే మామా. మీరే తాగండి. ఇక్కడ కాదు, బయట అరుగు మీద."

అయినా మా బావ తేవడం మానలేదు. ప్రతి ఆదివారం రెండు తెచ్చి అరుగు మీద పెట్టేవాడు. వెళ్ళేటప్పుడు పక్కింటివాళ్ళకి ఇచ్చేవాడు. ఎందుకు మోసుకొస్తావని ఒకసారి అడిగాను.

"తేకపోతే దారిలో సేతులు ఏటి సెయ్యాలో తెలీదు బావా" అన్నాడు.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. ఆ రోజు బాటిల్లో నీళ్ళు పదకొండుకే అయిపోయాయి. తడిగుడ్డతో పెదాలు తుడిచాను. ఆమె ఏమీ అడగలేదు. అడిగి ఉంటే కాదనేవాణ్ణి. కాదనడం అప్పటికి నాకు బాగా అలవాటైంది. చాలాసేపు కళ్ళు మూసుకుని పడుకుని, "అన్నియ్య తెచ్చినవి అరుగు మీదే ఉన్నాయా?" అంది. ఆ రోజు మా బావ తొందరలో వాటిని వదిలి వెళ్ళాడు.

"ఉన్నాయి."

"ఎండకి పాడైపోతాయి. ఎవరికైనా ఇచ్చీండి."

అంతే అంది. నేను అరుగు మీదికి వెళ్ళి ఒక బొండం కొట్టాను. నీళ్ళు గ్లాసులో పోసి తెచ్చాను. వాసన తగలగానే ఆమె తల నా వైపు తిప్పింది. గ్లాసు ఆమె చేతికిచ్చాను. ఆగకుండా తాగింది. నెలల తరబడి చెంచాలతో, గుక్కలతో బతికిన మనిషి గ్లాసు మొత్తం దించకుండా తాగింది. రెండో గ్లాసు కూడా పోశాను. ఆ సంవత్సరంలో నేను సంతోషంగా చూసింది అదొక్కటే. పొటాషియం గురించి గోడ మీద నాలుగో వరస నేనే రాశాను. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

మర్నాడు సిస్టర్ నాడి చూడటానికి ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. గడియారం చూసింది. మళ్ళీ చూసింది. కాళ్ళు ఎత్తమంది. కుడికాలు కొంచెం లేచింది, ఎడమది లేవలేదు.

"నిన్న బయటిదేమైనా తాగారా?" అని నన్ను అడిగింది.

"లేదు. బాటిల్లోవే" అన్నాను.

అబద్ధం ఎంత త్వరగా వచ్చిందో నాకు ఇప్పటికీ గుర్తుంది. మంచం మీద నుంచి నా భార్య మాట్లాడింది. గొంతు బరువుగా ఉంది.

"ఆయన్నడక్కు. బొండం నానే తాగీసినాను. ఆయన నిద్రపోనాడు."

సిస్టర్ ఒక్క క్షణం ఆమె వైపు, తరవాత నా వైపు చూసింది. అప్పటికే ఫోన్‌లో ఆటో పిలుస్తోంది. "బొండం కొట్టడం కూడా వచ్చా ఆంటీ మీకు? కళ్ళు కనబడకుండా? నాకూ నేర్పాలి" అంది. చేతులు మాత్రం ఆగలేదు. ఆమెకు చీర సర్ది, కట్టు జారకుండా ఇంకో చుట్టు చుట్టి, నన్ను తల వైపు పట్టుకోమంది.

ఆస్పత్రిలో గుండెకు తీగలు పెట్టి కాగితం తీశారు. వెంటనే ఇంజెక్షన్లు ఇచ్చి మిషన్ ఎక్కించారు. మూడు గంటల తరవాత ప్రమాదం లేదన్నారు. నేను వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. ఏం చేయాలో తెలియక గోడ మీద అంటించిన నోటీసులన్నీ చదివాను. డ్యూటీ అయ్యాక సిస్టర్ వచ్చి నా పక్కన కూర్చుంది.

"బొండం నేనే కొట్టాను" అన్నాను.

"తెలుసు అంకుల్."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"మీరు ఇంట్లో మంచినీళ్ళు ఎక్కడ తాగుతారు?" అని అడిగింది.

"వంటింటి వెనక. ఆమెకు కనబడకుండా."

"ఆంటీకి ఎలాగూ కనబడదు. వినబడుతుంది. బిందె మూత తీసింది, గ్లాసు ముంచింది, మీరు మింగింది. నాతో అంది: మీ అంకుల్ సొంత ఇంట్లో దొంగలాగా తాగుతున్నాడు, నా మూలాన అని. దాహం కంటే అదే ఆవిడకి కష్టంగా ఉంది."

సిస్టర్ లేచి నిలబడి, "నేను కూడా తప్పు చేశాను. బాటిల్ రోజూ మీ చేతికిచ్చాను" అంది.

నాలుగో రోజు ఇంటికి తెచ్చాం. మర్నాడు ఆరూ నలభైకి సిస్టర్ జగ్గుతో నీళ్ళు కొలిచి, బాటిల్లో పోసి, నన్ను దాటుకుని వెళ్ళి ఆమె చేతిలో పెట్టింది. పక్కన ఒక చిన్న స్టీలు గ్లాసు. అది నిండితే యాభై మిల్లీలీటర్లు.

"ఆంటీ, ఇవి మీ నీళ్ళు. ఎప్పుడు తాగాలో, ఎంత తాగాలో మీ ఇష్టం. పొద్దున్నే అయిపోగొట్టుకుంటే సాయంత్రం నన్ను తిట్టండి, అంకుల్‌ని తిట్టొద్దు. అంకుల్, మీరు ఆవిడ పక్కనే కూర్చుని తాగాలి. చప్పుడు చేస్తూ."

"సూడు, ఈ పిల్ల నన్ను ఖజానాకి కాపలా కూర్చోబెట్టింది" అంది నా భార్య. బాటిల్‌ని దిండు పక్కన పెట్టుకుంది.

మొదటి రోజు మధ్యాహ్నానికే అయిపోయాయి. సాయంత్రం సిస్టర్‌ని మనసారా తిట్టింది. రెండో రోజు నుంచి తెలివిగా వాడింది. పొద్దున మాత్రలకు ఒక గ్లాసుతో సరిపెట్టేది. చారు వద్దంది. ఎండ పూట ఆ నీళ్ళలోంచే చిన్న మంచుముక్కలు చేయించుకుని బుగ్గన పెట్టుకునేది. మిగిలింది కూడబెట్టి నాలుగు గంటలకు టీ పెట్టించుకునేది. నేను ఆమె పక్కన కూర్చుని, చిన్న గ్లాసుతోనే, ఆమె తాగినప్పుడు తాగేవాణ్ణి. గోడ మీది కాగితాన్ని ఆమెకు చదివి వినిపించాను. పదకొండింటిలో మూడింటికి ఒప్పుకోలేదు. ఉప్పు లేని చేప తినను, అసలు చేపే మానేస్తాను అంది. సిస్టర్‌తో బేరమాడి నెలకు రెండుసార్లు ఉప్పు చేప సంపాదించుకుంది.

ఆ నాలుగు నెలల్ని మంచి రోజులని రాస్తే నా మీద నాకే అనుమానం వస్తుంది. పుండు మానలేదు. వాంతులు తగ్గలేదు. కానీ ఆ ఇంట్లో ఇద్దరు మనుషులు మళ్ళీ మాట్లాడుకున్నారు.

వానల్లో ఆమె గుండె బలం తగ్గిపోయింది. మిషన్ ఎక్కించగానే బీపీ పడిపోయేది, ఆపాల్సి వచ్చేది. వరసగా మూడుసార్లు అలా అయ్యాక డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు. ఇక ఇక్కడ మిషన్ పెట్టడం ప్రమాదం. మెయిన్‌లాండ్‌లో పెద్ద ఆస్పత్రికి తీసుకెళితే ప్రయత్నిస్తారు, భరోసా మాత్రం ఇవ్వలేరు. నేను విమానం టిక్కెట్ల గురించి అడగబోయాను. నా భార్య నా చొక్కా పట్టుకుంది.

"అక్కడ నన్నెవలు ఎరుగుదురు? ఇంటికి పదండి."

మర్నాడు ఉదయం ఆరూ నలభైకి సిస్టర్ వచ్చింది. నేను వంటింట్లో జగ్గు కడిగి పెట్టి ఉంచాను. సిస్టర్ దాన్ని తీసుకుని, తుడిచి, అలమరలో బోర్లించింది. గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చుంది.

"ఆంటీ, ఇవాళ్టి నుంచి కొలవొద్దు. మీకు ఏది కావాలంటే అది."

నా భార్య దిండు పక్కన బాటిల్ కోసం తడిమింది. "అంటే అయిపోయిందన్నమాట" అంది.

సిస్టర్ కాదనలేదు. "మిషన్ దగ్గరికి ఇంక వెళ్ళక్కర్లేదు. ఆయాసం వస్తే డాక్టరు మందిచ్చారు, నా దగ్గరుంది. నొప్పి ఉండనివ్వను. పొద్దునా సాయంత్రమూ వస్తాను. భయం వేస్తే ఎప్పుడైనా పిలవండి."

"ఏది కావాలంటే అదా?"

"ఏదైనా."

"టీ. పంచదార వేసి. పెద్ద గ్లాసుతో."

నేను టీ పెట్టాను. పెద్ద గ్లాసు నిండా పోశాను. నాలుగు గుక్కలు తాగి చాలంది. మిగిలినది నన్ను తాగమంది. చాలా తియ్యగా ఉంది.

మధ్యాహ్నం మా బావ వచ్చాడు. ఆ రోజు నాలుగు బొండాలు తెచ్చాడు. కబురు అందింది, దాని అర్థం కూడా అతనికి తెలిసింది. అరుగు మీద పెట్టకుండా వాటితోనే గుమ్మంలో నిలబడ్డాడు. సాయంత్రం సిస్టర్ వచ్చేసరికి కూడా వాటిని కాళ్ళ దగ్గర పెట్టుకుని గదిలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. సిస్టర్ ఒకటి కొట్టించి, నీళ్ళు గిన్నెలో పోసి, అతని చేతికి చెంచా ఇచ్చింది.

"మామా, మీరు పట్టండి. నెమ్మదిగా. మింగాక ఇంకోటి."

అతను పట్టాడు. చెయ్యి వణికి మొదటి చెంచా మెడ మీద పడింది.

"అన్నియ్యా, పడవ మీద ఉన్నావనుకున్నావేటి, అలా ఊగుతున్నావు?" అంది ఆమె.

రెండు చెంచాలు మింగింది. ఆమెకు కావాల్సింది టీ అని నాకు తెలుసు. ఆ బొండం నీళ్ళు అన్న కోసం మింగింది. తాగాక, అలవాటుగా, "ఇంకా ఎంత మిగిలింది?" అని అడిగింది.

"చాలా ఉన్నాయి ఆంటీ" అంది సిస్టర్.

అయిదో రోజు మధ్యాహ్నం మూడు దాటాక పోయింది. నేను పక్కనే ఉన్నాను. ఆయాసం లేదు. అంతకుమించి దాని గురించి రాయడానికి ఏమీ లేదు. చావు గురించి నేను చదివినవన్నీ బాగా రాసినవే, అందుకే ఆ సమయంలో ఒక్క వాక్యమూ పనికిరాలేదు.

సిస్టర్ డ్యూటీ నుంచి తిన్నగా వచ్చింది. స్నానం చేయించే ముందు మడమకు పాత కట్టు విప్పి కొత్తది వేసింది. అవసరం లేదని మా బంధువులెవరో అన్నారు. ఆమె పట్టించుకోలేదు. "ఇప్పుడు తడుపుతున్నాను ఆంటీ" అంది. "ఇప్పుడు గాజుగుడ్డ లాగుతున్నాను." మంట పుడుతుందని మాత్రం చెప్పలేదు.

కొన్ని నెలలకు సిస్టర్‌కు రంగత్ బదిలీ అయింది. వెళ్ళే ముందు ఒక ఉదయం వచ్చి టీ తాగింది. జగ్గు తీసుకెళ్ళమన్నాను. ఉండనివ్వండి అంకుల్, పప్పు కొలుచుకోండి అంది. ఫోన్ చేస్తానంది, చేస్తుంది కూడా. ఆరోగ్యం అడుగుతుంది. తరవాత ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియదు.

మా బావ ఇప్పటికీ ఆదివారాలు వస్తాడు. బొండాలు తేవడు. అరుగు మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కాసేపటికి వెళ్ళిపోతాడు. నేను ఉదయం ఆరుకే లేస్తాను. నీళ్ళు గదిలోనే, ఆమె మంచం పక్కన కూర్చుని తాగుతాను. గ్లాసు చప్పుడు నాకే వినబడుతుంది. కుళాయి వచ్చిన రోజు నాలుగు డ్రమ్ములూ నింపుతాను. అందులో సగం నేను వాడను.

మా ఇంట్లో ఇప్పుడు నీళ్ళు కొలవడం లేదు.